చీర ఏ రంగైనా సరే, అంచు నాలుగు రంగుల్లోనే: పదేళ్లు నిలిచే బీరువాకు ఏ నేత ఎంచుకోవాలి

బీరువా తలుపు తీస్తే చీరలు మీద పడతాయి. పొద్దున్నే ఆఫీసుకు ఏం కట్టుకోవాలో మాత్రం తోచదు. చాలా ఇళ్లలో ఇదే సంగతి. చీరలకేం కొదవ లేదు, ఉన్నవన్నీ పెళ్లిళ్లకు కొన్నవే. వాటిలోనూ ఒక్కోదానికి ఒక్కో జాకెట్టు కావాలి. ఆ జాకెట్టు బిగుతైపోయిన రోజున చీర కూడా మూలన పడుతుంది.

చీర పాతబడటం రెండు రకాలు. గుడ్డ పాతబడటం ఒకటి, తీరు పాతబడటం ఒకటి. రాళ్లు, చమ్కీలు, డిజిటల్ ప్రింటు, సినిమా పేరుతో అమ్ముడుపోయే డిజైను ఇవన్నీ రెండేళ్లలో తీరు పోతాయి, గుడ్డ ఎంత గట్టిగా ఉన్నా సరే. సాదా ఒళ్లు, వేరే రంగు అంచు, చారల కొంగు ఉన్న చీర మన అమ్మమ్మలు కట్టారు, ఇప్పుడు కాలేజీ అమ్మాయిలు కడుతున్నారు. కాబట్టి మొదటి వడపోత తేలికే: ఒంటి మీద పని తక్కువ, అంచు స్పష్టంగా ఉన్నది తీసుకోవాలి. అసలు తికమక ఆ తర్వాత మొదలవుతుంది. మంగళగిరా, వెంకటగిరా? గద్వాలా, ఉప్పాడా? పేర్లు అందరికీ తెలుసు. ఏది ఏ పనికి పనికొస్తుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో కొట్లో ఎవరూ చెప్పరు.

రోజూ కట్టేవి: మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేట

ముందు నూలు నంబరు సంగతి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఎనభయ్యో నంబరు నూలుతో నేసిన చీర చేతికి ఒత్తుగా తగులుతుంది, నూరో నంబరుది పలచగా, మెత్తగా జారుతుంది. సన్నది ఖరీదైనది కాబట్టి గట్టిది కూడా అనుకుంటారు. కాదు. దారం సన్నమైనకొద్దీ ఉతుకులకు తట్టుకునే శక్తి తగ్గుతుంది.

మంగళగిరి చీర మామూలుగా ఎనభయ్యో నంబరు నూలు, పడుగూ (నిలువు దారం) పేకా (అడ్డ దారం) రెండూ. గుంట మగ్గం మీద దట్టంగా కొట్టి నేస్తారు. ఒంటి మీద బుటాలు ఉండవు, సాదా గానీ సన్నగళ్లు గానీ ఉంటాయి. అంచున నిజాం బోర్డర్ అని పిలిచే చిన్న జరీ వరస. బస్సు ఎక్కినా, స్కూటీ మీద వెళ్లినా, ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చున్నా ఈ గుడ్డ తట్టుకుంటుంది. గంజి పెడితే కుచ్చిళ్లు పొద్దున పెట్టినవి సాయంత్రం దాకా నిలుస్తాయి. లోపం కూడా అక్కడే ఉంది. కొత్త మంగళగిరి నడుము దగ్గర ఉబ్బుతుంది. లావుగా కనిపిస్తున్నామని ఒక్కసారి కట్టి పక్కన పెట్టేస్తారు. మూడు నాలుగు ఉతుకులు పడనివ్వండి, గంజి సగానికి తగ్గించండి, అదే చీర ఒంటికి అతుక్కుని నిలబడుతుంది.

వెంకటగిరి నూరో నంబరు, ఆపైన సన్న నూలు. ఒకప్పుడు వెలుగోటి సంస్థానం పోషణలో ఎదిగిన నేత ఇది. నెల్లూరు జిల్లా చీరగానే అందరికీ తెలుసు గానీ 2022 నుంచి ఆ ఊరు తిరుపతి జిల్లాలో ఉంది. ఎండాకాలంలో దీన్ని మించింది లేదు. ఒంటి మీద ఉన్నట్టే ఉండదు, ఉబ్బదు, నడుము లావున్నవాళ్లకు మంగళగిరి కన్నా ఇదే నప్పుతుంది. అయితే మూడు జాగ్రత్తలు. లేత రంగులు వెలుగులోకి వస్తే లోపలి లంగా కనబడుతుంది కాబట్టి చీర రంగుకు దగ్గర రంగు లంగా తప్పదు. భుజం దగ్గర పిన్ను నేరుగా గుచ్చితే చిల్లు పెద్దదై చినుగుతుంది. నాలుగు మడతలు కలిపి, వెనక చిన్న గుడ్డముక్క పెట్టి గుచ్చాలి. జరీ అంచు బరువైనది ఎంచుకుంటే పలచని ఒళ్లు అంచు పక్కనే చీలుతుంది. వెంకటగిరికి సన్నంచే అందం, సన్నంచే ఆయుష్షు.

నారాయణపేట నూలు చీర ఈ రెంటికీ మధ్యన నిలుస్తుంది. గళ్ల ఒళ్లు, ముదురు ఎరుపు లేదా మెరూన్ అంచు, ఎర్రటి పట్టీల కొంగు. మరాఠా నేతల పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. గళ్లలో మరక దాగుతుంది, ముడత దాగుతుంది. గంజి లేకుండా కూడా కట్టుకోవచ్చు. టీచర్లు, నర్సులు, బడిపిల్లలున్న తల్లులు మొదట కొనాల్సింది ఇదేనని మా లెక్క. ముదురు ఎరుపు అంచు మొదటి రెండు మూడు ఉతుకుల్లో రంగు వదలడం మామూలే. లేత రంగు ఒళ్లున్న నారాయణపేటను నానబెట్టి వదిలేస్తే గళ్లన్నీ గులాబీ రంగు తిరుగుతాయి. చల్లనీళ్లలో ముంచి, అయిదు నిమిషాల్లో తీసి, పిండకుండా నీడన ఆరేయాలి.

ఉప్పునీళ్లలో నానబెడితే రంగు కట్టుకుపోతుందని పెద్దవాళ్లు చెప్పే మాట మీద మరీ భరోసా పెట్టుకోవద్దు. దారం మీద అంటీ అంటనట్టున్న రంగు ఎలాగూ పోవాలి. చల్లనీళ్లలో విడిగా రెండు మూడుసార్లు జాడిస్తే పోతుంది. అద్దకమే సరిగా లేకపోతే ఎంత ఉప్పు వేసినా ఆగదు.

ఒక్కటే కొనగలిగితే? రోజూ బయటికి వెళ్లేవాళ్లు మంగళగిరి. ఇంటి దగ్గరే ఎక్కువ ఉండేవాళ్లు, వేడికి తట్టుకోలేనివాళ్లు వెంకటగిరి. ఇస్త్రీకి తీరిక లేనివాళ్లు నారాయణపేట.

ఇక్కత్: ఒకటి చాలు

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లోనే వచ్చింది. నేయకముందే దారాన్ని అక్కడక్కడా కట్లు కట్టి అద్దడం వల్ల డిజైను గుడ్డలోనే పుడుతుంది, అందుకే గీతల కొసలు కొద్దిగా చెదిరినట్టుంటాయి. ఆ చెదురే అసలుకు ఆనవాలు. తిరగేసి చూస్తే రెండు వైపులా ఒకే ముదురు. ఇక్కత్ ప్రింటు చీరలో గీత కత్తితో కోసినట్టుంటుంది, వెనక వెలిసినట్టుంటుంది. పడుగూ పేకా రెండూ కట్లు కట్టి నేసే డబుల్ ఇక్కత్ పుట్టపాక వైపు నేస్తారు. ధర చాలా పైకి పోతుంది. బీరువా కట్టుకునే దశలో అంత అక్కర్లేదు, పేక ఒక్కటే ఇక్కత్ ఉన్నది చాలు.

ఇక్కత్‌తో ఇబ్బంది దాని గొంతు పెద్దది కావడం. నెలలో రెండుసార్లు కడితే "మళ్లీ అదే చీరా" అని ఆఫీసులో గుర్తుపడతారు. సాదా మంగళగిరిని వారానికొకసారి కట్టినా ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇక్కత్ చీర ఒకటి, మిగతా సరదా జాకెట్ల మీద తీర్చుకోవడం మేలు. కొనేటప్పుడు తెల్ల రుమాలు తడిపి ఎరుపు, నలుపు భాగాల మీద గట్టిగా రుద్దండి. రుమాలుకు లేతగా అంటితే ఫర్వాలేదు. చిక్కగా అంటితే మొదటి ఉతుకులోనే తెల్ల భాగాలు పోయినట్టే, ఆ చీర వద్దు.

శుభకార్యాలకు: గద్వాల, ఉప్పాడ, కంచి

ఇక్కడ డబ్బు ఎక్కువ పోతుంది, వాడకం తక్కువ ఉంటుంది. ఏడాదిలో ఎన్ని పెళ్లిళ్లకు వెళ్తారు, వాటిలో ఎన్ని మీ ఇంటివి అని లెక్కేసుకుంటే సగం నిర్ణయం అయిపోతుంది.

గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేకనూ అంచు పేకనూ వరస వరసకూ ఒకదానిలో ఒకటి మెలేసి కలుపుతారు, దాన్నే కుప్పడం అంటారు. అందుకే ఒళ్లు గంధం రంగైనా అంచు రంగు గీసినట్టు విడిగా నిలుస్తుంది. పెళ్లికి పట్టుచీరలా కనిపిస్తుంది, మే నెలలో నూలు చీరలా హాయిగా ఉంటుంది. బంధువుల పెళ్లి, గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం మూడింటికీ సరిపోయే చీర ఇదొక్కటే. మరి చిక్కెక్కడ? నూలు నీళ్లలో కుదించుకుపోయినంతగా పట్టు కుదించుకుపోదు. ఇంట్లో బకెట్లో నానబెడితే ఒళ్లు దగ్గరపడి, అంచు ముడతలు ముడతలుగా ఉబ్బుతుంది. ఇస్త్రీతో అది సర్దుకోదు. గద్వాలను డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలి, ఆ ఖర్చు కూడా ధరలో కలిపే లెక్కేసుకోవాలి.

ఉప్పాడ జామ్దానీ దానికి వేరే దారి. ఇక్కడ బుటాలను మగ్గం మీదే, ఒక్కో పోగును చేత్తో చొప్పిస్తూ నేస్తారు. వెనక తిప్పి చూస్తే ముందున్న బుటాయే కనిపించాలి. కత్తిరించిన దారాల కొసలు, ఒక బుటా నుంచి ఇంకో బుటాకు వేలాడే పోగులు ఉంటే అది జాకార్డు అనే డిజైను యంత్రం మీద నేసిన నకలు. పట్టు ఉప్పాడ చాలా తేలిక. నాలుగైదు గంటల రిసెప్షన్‌లో నిలబడాల్సినవాళ్లకు, బరువు మోయలేని పెద్దవాళ్లకు హాయి. గాజులు, బ్రాస్లెట్లు, పాప కాలిపట్టీలు తగిలితే మాత్రం పోగు లేస్తుంది. చంకన పిల్లలున్న తల్లులు రెండు మూడేళ్లు ఆగి కొనుక్కోవచ్చు.

కంచిపట్టు, ధర్మవరం పట్టు ఇంట్లో ఒకటి ఎలాగూ ఉంటుంది, పెళ్లినాటిది. రెండోది కొనేముందు ఆలోచించాలి. బరువు జరీ చీర ఏడాదికి ఒకసారి కూడా బయటికి రాకపోతే మడతల దగ్గర చీలుతుంది. లోహపు జరీ వంగిన చోటే మళ్లీ మళ్లీ వంగి పట్టుపోగును కోస్తుంది. కట్టడం వల్ల చినిగేకన్నా దాచడం వల్ల చినిగే పట్టుచీరలే ఎక్కువ. రెండో పట్టుచీర తప్పదనుకుంటే జరీ తక్కువగా, అంచు మూడు నాలుగు అంగుళాలకు మించకుండా ఉన్నది ఎంచుకోండి. రంగు విషయంలో భయం అక్కర్లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరు మీద ఎమ్మెస్ బ్లూ అని పిలిచే నీలం ఈనాటికీ కొట్లో అడిగితే తీస్తారు.

అంచు, వెడల్పు, పొడవు

కొట్లో ఎవరూ టేపు తీయరు, తీయాలి. చీర 5.5 మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు కలిపి 6.3 మీటర్లు రావాలి. వెడల్పు 45 నుంచి 48 అంగుళాల దాకా ఉంటుంది. అయిదున్నర అడుగుల పైన ఎత్తున్నవాళ్లకు 45 అంగుళాల చీర మడమలు దాటదు. వాళ్లు 47కు తక్కువ తీసుకోవద్దు. నడుము లావున్నవాళ్లు జాకెట్టు ముక్క కోయకుండా అలాగే ఉంచుకుంటే ఇంకో రెండు కుచ్చిళ్లు వస్తాయి, జాకెట్టు విడిగా కుట్టించుకోవచ్చు.

అయిదడుగుల లోపువాళ్లకు ఆరంగుళాల అంచు మోకాలి దాకా వచ్చినట్టుంటుంది. వాళ్లకు రెండు, మూడంగుళాల అంచు మంచిది. పొడుగువాళ్లకు మరీ సన్నంచు పెడితే చీర అసంపూర్తిగా కనిపిస్తుంది. వయసుతో, ఒంటిరంగుతో దీనికి సంబంధం లేదు.

అసలు కీలకం అంచు రంగు, దాన్నిబట్టే జాకెట్లు

పది చీరలకు పది జాకెట్లు ఉండే బీరువా మూడేళ్లకే మూలన పడుతుంది. చీర ఒంటి రంగు మీ ఇష్టం: వంకాయ, నేరేడు, చిలకపచ్చ, ఉల్లిపొర, గంధం, నెమలికంఠం, ఏదైనా. అంచు మాత్రం నాలుగు రంగుల్లోనే ఉండేలా చూసుకోండి: మెరూన్, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, ఆవపిండి పసుపు. ఈ నాలుగు రంగుల్లో నాలుగు సాదా జాకెట్లు, వాటికి తోడు ఒక నలుపు, ఒక కలంకారీ. ఆరు జాకెట్లతో పది చీరలు గడుస్తాయి. చీర కొనేటప్పుడు ఇంట్లో ఉన్న జాకెట్టు ఒకటి సంచిలో వేసుకుని వెళ్లడం అన్నిటికన్నా తేలికైన ఉపాయం.

సాదా జాకెట్టుకు గుడ్డ ఏది? టూ బై టూ రూబియా చవక, చెమట పీలుస్తుంది, రంగులు బోలెడు. ఏడాది తిరిగేసరికి చంకల దగ్గర వెలుస్తుంది. మీటరు లెక్కన దొరికే మంగళగిరి నూలు ఒత్తుగా ఉండి లైనింగ్ లేకుండానే నిలుస్తుంది, ఎక్కువ కాలం వస్తుంది. పెడన కలంకారీ అచ్చుగుడ్డ సాదా చీరలన్నిటికీ ప్రాణం పోస్తుంది, ముదురు మెరూన్-నలుపు కలిసినది తీసుకుంటే ఏ అంచుకైనా పోతుంది. సిల్కులా మెరిసే పాలియెస్టర్ గుడ్డ మాత్రం ఆఫీసు జాకెట్టుకు వద్దు, చెమట వాసన పట్టుకుంటే ఉతికినా వదలదు.

కుట్టించేటప్పుడు దర్జీకి నోటితో చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసివ్వాల్సినవి కొన్ని ఉన్నాయి. మోచేతి దాకా చేయి కావాలంటే మీటరు గుడ్డ పట్టుకెళ్లాలి, 80 సెంటీమీటర్లు చాలవు. గుడ్డనూ లైనింగ్‌నూ రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేశాకే ఇవ్వాలి. ఒకటి కుదించుకుపోయి ఇంకొకటి కుదించుకుపోకపోతే మొదటి ఉతుకులోనే వీపు మీద ముడతలు లేస్తాయి, అప్పుడు దర్జీని తిట్టి లాభం లేదు. పక్క కుట్ల లోపల ప్రతి వైపూ అంగుళంన్నర గుడ్డ వదలమనాలి. ముందూ వెనకా, ఎడమా కుడీ కలిపితే ఛాతీ దగ్గర నాలుగంగుళాల దాకా పెంచుకునే వీలుంటుంది. కాన్పు తర్వాతా అదే జాకెట్టు వేసుకోగలిగేది ఈ అంగుళంన్నర వల్లే. చాలామంది దర్జీలు అడక్కపోతే అరంగుళం మించి వదలరు.

మెడ విషయంలో జరిగే పొరపాటు ఒక్కటే. ముందూ వెనకా రెండూ లోతుగా కోయిస్తే భుజాలు జారతాయి. వెనక తొమ్మిదంగుళాలు దింపితే ముందు ఆరున్నర దగ్గర ఆపాలి. వీపు మీద తాళ్లు, లటకన్లు, కిటికీ డిజైన్లు పెళ్లి జాకెట్టుకు పెట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత ఫొటోలో చూసి ఏ ఏడాదో చెప్పేయగలిగేది వాటిని బట్టే.

లంగా, ఫాల్

తక్కువ మాటల్లో అయిపోయే సంగతే గానీ చీర నిలబడేది వీటి మీదే. పాప్లిన్ నూలు లంగా, ఆరు ముక్కలది, తెలుపు లేదా గంధం, నలుపు, మెరూన్, ముదురు నీలం: నాలుగు చాలు. సాటిన్ లంగా మీద నూలు చీర జారుతుంది, పట్టుచీర ఇంకా జారుతుంది. సాగే షేప్‌వేర్ లంగా పలచని చీరలకు అందమే, మంగళగిరి గంజి చీర కింద దండగ. సన్నని నాడాను గట్టిగా బిగించి రోజూ ఒకేచోట కట్టుకుంటే నడుము మీద నల్లటి గీత పడి, దురద పెట్టి, పుండుగా కూడా మారుతుంది. వెడల్పు పట్టీ వేయించుకోండి, ముడి చోటు మారుస్తూ ఉండండి, పుండు మానకపోతే డాక్టరుకు చూపించండి.

ఫాల్ సుమారు రెండున్నర మీటర్లు ఉంటుంది. నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కుట్టించాలి. కొత్తది కొత్తగానే కుట్టేస్తే ఉతికినప్పుడు అది లాక్కుపోయి చీర అంచును ముడుస్తుంది. జరీ అంచులకు మిషను కుట్టు వద్దు, చేతి కుట్టే మేలు. ఫాల్ అరిగితే విప్పి కొత్తది వేయించవచ్చు. మిషను సూది గుచ్చిన చిల్లులు మాత్రం జరీలో మిగిలిపోతాయి.

చీర కట్టనివాళ్లకు: అదే గుడ్డ, కుర్తాగా

వారంలో అయిదు రోజులు కుర్తాలే వేసుకునేవాళ్లకు కూడా ఎంపిక ఇదే దారిలో సాగుతుంది. మంగళగిరి, పోచంపల్లి, కలంకారీ గుడ్డలు మీటరు లెక్కన దొరుకుతాయి. 44 అంగుళాల వెడల్పు గుడ్డ రెండున్నర మీటర్లుంటే మోకాలి కిందికి దిగే సూటి కుర్తా, ముప్పావు చేతులతో వస్తుంది. కుదింపుకు పది సెంటీమీటర్లు ఎక్కువ తీసుకోండి. అనార్కలి, కోల్డ్ షోల్డర్, ముందు పొట్టి వెనక పొడుగు ఇలాంటి కోతలన్నీ వచ్చి పోయాయి. పక్కన చీలికలున్న సూటి కుర్తా ఉండిపోయింది. లెగ్గింగ్‌కన్నా నూలు ప్యాంటు ఎక్కువ కాలం వస్తుంది, లెగ్గింగ్ మోకాళ్ల దగ్గర సాగిపోతుంది. అయిదు కుర్తాలు, తెలుపు-నలుపు-ముదురు నీలం మూడు ప్యాంట్లు ఉంటే ఆఫీసు వారం గడిచిపోతుంది. దుపట్టా ఇక్కత్‌ది ఒకటి ఉంటే సాదా కుర్తా కూడా పండక్కి పనికొస్తుంది.

అమెరికా, బ్రిటన్‌లలో ఉన్న తెలుగువాళ్లకు చిన్న మార్పు. గంజి, ఇస్త్రీ కుదరవు కాబట్టి మంగళగిరి చీరలు తగ్గించి, కుర్తా గుడ్డగా పెంచుకోవాలి. పెట్టెలో చోటు తక్కువ పట్టి, చలిలో లోపల థర్మల్ వేసుకున్నా ఉబ్బనివి తేలికపాటి పట్టుచీరలు: ఉప్పాడ, నారాయణపేట పట్టు. అక్కడ జాకెట్టు కుట్టించడం చీర ఖరీదంత అవుతుంది. అంగుళంన్నర మార్జిన్ ఉన్న జాకెట్లు ఇక్కడే కుట్టించుకుని వెళ్లాలి.

కొట్లో మోసపోకుండా

"సెమీ" అన్న మాట వినగానే ఆగండి. సెమీ మంగళగిరి, సెమీ గద్వాల, సెమీ పట్టు అంటే అసలు దారం బదులు కృత్రిమ దారమో కలపో అని అర్థం. "ఆర్ట్ సిల్క్"లో ఆర్ట్ అంటే కళ కాదు, ఆర్టిఫిషియల్‌ను కురచ చేసిన మాట.

చేనేతో మరమగ్గమో తేల్చుకోవడానికి చీర రెండు అంచుల చివర చూడండి. నేసేటప్పుడు గుడ్డను వెడల్పుగా లాగి పట్టే కర్ర సూదులు వదిలిన చిన్న చిన్న చిల్లులు వరసగా కనిపిస్తే చేనేత అనుకోవడానికి ఒక ఆధారం. చీర పొడవునా ఎక్కడా చిన్న తేడా కూడా లేకుండా, అద్దంలా ఉంటే అనుమానించాలి. 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్, పట్టుకు 2004 నుంచి సిల్క్ మార్క్ ఉన్నాయి. సిల్క్ మార్క్ దారం అసలు పట్టని మాత్రమే చెబుతుంది. చేత్తో నేసిందని గానీ, జరీ అసలుదని గానీ చెప్పదు. ఈ తేడా తెలియక చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

అనుమానం ఉంటే కొంగు కుచ్చులోంచి రెండు పోగులు తీసి కాల్చి చూడొచ్చు. పట్టు నెమ్మదిగా కాలి, వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య పొడి అవుతుంది. నూలు కాగితంలా మండి బూడిదవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. జరీ పోగును గోటితో గీకితే లోపల ఎర్ర పట్టుదారం కనిపించడం వెండి జరీకి ఆనవాలు. పైపూత పోయి రాగి రంగు బయటపడితే అది రాగి జరీ. రోజువారీ నూలు చీరలకు వెండి జరీ అక్కర్లేదు. రాగి జరీ కొంతకాలానికి నల్లబడుతుందని తెలిసి కొనుక్కుంటే సరిపోతుంది, లేదా జరీ లేని రంగు దారపు అంచు ఎంచుకోవచ్చు. ఉతుకులకు నిలిచే విషయంలో రంగు దారమే గెలుస్తుంది.

పదింటిని ఏ వరసలో కొనాలి

అన్నీ ఒకేసారి వద్దు. మొదట రెండు మంగళగిరి చీరలు, ఒకటి మెరూన్ అంచు, ఒకటి ముదురు నీలం అంచు. రెండు జాకెట్లు, రెండు లంగాలు. రెండు నెలలు కట్టి చూస్తే మీకు గంజి గుడ్డ నప్పుతుందో లేదో తేలిపోతుంది. నప్పితే మూడో మంగళగిరి, ఒక నారాయణపేట. నప్పకపోతే మూడో మంగళగిరి మానేసి వెంకటగిరి వైపు తిరగండి. ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే, రెండు వెంకటగిరులు కొనుక్కోవచ్చు. ఆ తర్వాత కలంకారీ జాకెట్టు, ఒక ఇక్కత్. పండుగలు, పెళ్లిళ్లు చూసుకుని గద్వాల. ఉప్పాడ చివరన. పట్టుచీర ఇంట్లో ఉన్నదే పదోది.

ఖరీదును కట్టిన సార్లతో భాగించి చూడండి. 1,800 రూపాయల నూలు చీర ఏడాదికి ఇరవైసార్లు, మూడేళ్లు కడితే ఒక్కసారికి 30 రూపాయలు. 18,000 రూపాయల పట్టుచీర ఏడాదికి రెండుసార్లు చొప్పున పదేళ్లు కట్టినా ఒక్కసారికి 900. పట్టుచీర కొనొద్దని కాదు, రెంటికీ ఒకే సంచిలోంచి డబ్బు తీయొద్దని.

దాచేటప్పుడు

గంజి పెట్టిన నూలు చీరను నెలల తరబడి దాస్తే పురుగు పడుతుంది, మడత దగ్గర విరుగుతుంది. సీజను అయ్యాక గంజి పోయేలా ఉతికే లోపల పెట్టాలి. ఉతకడానికి కుంకుడుకాయ రసం నూలుకైనా పట్టు జాకెట్టుకైనా మెత్తనిది. పట్టుచీర కట్టిన రోజు రాత్రే మడవకుండా గాలికి ఆరేసి, చెమట ఆరాక మడవండి. సెంటు జరీ మీద నేరుగా కొట్టవద్దు, నల్లబడుతుంది. ప్లాస్టిక్ కవర్లో తేమ చిక్కుకుంటుంది కాబట్టి పాత నూలు పంచెలో చుట్టడం మేలు. బరువు జరీ చీరను హ్యాంగరుకు వేలాడదీస్తే మడత దగ్గర సాగుతుంది. కలరా ఉండలు వేయాలంటే చిన్న గుడ్డమూటలో కట్టి మూలన పెట్టాలి, చీరకు తగలనివ్వకూడదు. మూడు నెలలకోసారి పట్టుచీరల మడత మార్చండి. ఉగాది, వరలక్ష్మీ వ్రతం, దీపావళి, సంక్రాంతి: ఈ నాలుగు పండుగలకు ఎలాగూ బీరువా తెరుస్తారు, అప్పుడే తిరగేసి మడిస్తే వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు.